రెండు వేళ్ల పేరు

ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగానో లేదో, ఒక లారీ నా పక్కనుంచి రయ్యిన పోయింది. ఆ గాలికి నా గొడుగు కాస్తా వెనక్కి విచ్చుకుపోయింది. పైన వాన, కాళ్ల కింద బురద. చిట్కుల్ దారిలో ఉన్న బధిరుల పాఠశాల గేటు దాటేదాకా ఆ దిక్కుమాలిన గొడుగుతో కుస్తీ పడుతూనే ఉన్నాను. వరండాలో నిలబడ్డ పిల్లలు నన్ను చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గొడుగును గేటు పక్కనున్న చెత్తడబ్బాలో కుక్కేసి, "నవ్వుండ్రి బిడ్డా, మంచిగ నవ్వుండ్రి!" అని అరిచాను. వాళ్లకు వినపడదన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది.

నేను వచ్చింది నవ్వులపాలు కావడానికి కాదు. సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర, స్టీలు సామాన్ల దుకాణం పైన 'నాగేశ్వరి, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టుకుని కూర్చున్నదాన్ని. నిన్న నర్సింహమ్మ అనే ఆవిడ వచ్చి నా గడపలో కూలబడింది. ఆమె భర్త పోచయ్య ఈ బడిలో వంటమనిషి. "నా పెనిమిటి గా మేడమ్‌ను తోసిండంటే దేవుడొచ్చి చెప్పినా నమ్మనక్కా. పిల్లలు తినందే ఆయన బుక్క నోట్ల పెట్టడు" అని ఒకటే ఏడుపు.

జరిగింది ఇదీ. పోయిన గురువారం సాయంత్రం హెడ్మిస్ట్రెస్ అరుణాదేవి మేడ మెట్ల మీద నుంచి పడిపోయింది. తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. చూసింది ఒక్క పిల్ల, పదిహేనేళ్ల ముత్యమ్మ. హాస్టల్ కిటికీలోంచి మొత్తం చూసింది. పుట్టుకతోనే వినపడదు కాబట్టి చూసిందంతా పోలీసులకు చేతులతో చెప్పింది. దాన్ని మాటల్లోకి మార్చి చెప్పినవాడు ముకుంద్, పిల్లలకు పెదవుల మీద మాట నేర్పే మాస్టారు. 'చెంప మీద మచ్చ ఉన్నోడు తోసిండు' అన్నాడట. బడి మొత్తానికి చెంప మీద మచ్చ ఉన్నది పోచయ్యకే. ఎప్పుడో కాగే నూనె చింది పడ్డ మచ్చ. ఇంకేముంది, బేడీలు పడ్డాయి. ఈ మధ్యాహ్నమే సంగారెడ్డి కోర్టు. ఆలోగా నేను ఏదో ఒకటి తేల్చకపోతే పోచయ్య జైలుకే.

ఆవరణలో పోలీసు జీపు ఆగి ఉంది. తోసిన చోటు చూపించమని పోచయ్యను కూడా పట్టుకొచ్చారు. జీపు బానెట్ మీద మోచేయి ఆనించి, సాసర్లో టీ ఊదుకుంటూ సి.ఐ. రాజేశ్వర్ నన్ను చూశాడు. మా ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. ఆయన మూసేసిన కేసులు రెండు మూడు నేను మళ్లీ తెరిపించాను. దాన్ని ఆయన మరిచిపోడు, నేను మరిచిపోనివ్వను.

"ఏందక్కా, తప్పిపోయిన బర్రెలు దొరికినయా? ఇటు తోవ పట్టినవ్?"

"బర్రెలు దొరికినయ్ సాబ్. ఇగ తప్పు మనిషిని పట్టుకున్న పోలీసును దేవులాడుకుంట వచ్చిన."

పక్కనున్న కానిస్టేబుల్ మొగులయ్య నవ్వు మింగలేక దగ్గాడు. రాజేశ్వర్ వాడి వైపు ఒక చూపు చూసి, బెల్టు పైకి లాక్కున్నాడు. ఐదు నిమిషాలకోసారి బెల్టు లాక్కోకపోతే ఆయనకు తోచదు.

ఇదంతా మేము గొంతులు చించుకుని మాట్లాడుకున్నాం. వెనక గోడ అవతల ఏదో కెమికల్ కంపెనీ జనరేటర్ గుడగుడమంటూ చెవులు తినేస్తోంది. అంత మోతలోనూ పైఅంతస్తు కిటికీలో ఒక పిల్ల, కింద పంపు దగ్గర ఇంకో పిల్ల ఎంచక్కా కబుర్లు చెప్పుకుంటున్నారు. పైపిల్ల చేతులతో ఏదో కథ నడిపింది. కిందిపిల్ల నవ్వలేక బిందె కింద పెట్టేసింది. స్తంభం చాటు నుంచి మూడో పిల్ల తల బయటపెట్టి తన ముక్కా చెప్పింది. ఒక్క మాట కూడా మోతలో కొట్టుకుపోలేదు. నేను అరవడం మానేసి నోరు తెరుచుకుని చూశాను. అబ్బ, ఏం భాష తల్లీ ఇది!

పిల్లలు పోచయ్యతో కూడా ఏదో అంటున్నారు. ఆయన జవాబు చెప్పబోయాడు. బేడీల చేతులు జానెడు కూడా విడిపడలేదు. సగంలో ఆపేసి తల దించుకున్నాడు. ఎడమ చెంప మీద అరచేయంత మచ్చ, దాని మీదుగా కన్నీళ్లు. ఇక్కడ చేతులకు బేడీలు వేస్తే నోరు కుట్టేసినట్టే. అది రాజేశ్వర్‌కు పట్టలేదు.

"మేడమ్, నమస్తే. లోపలికి రాండ్రి, తడుస్తున్నరు" అంటూ ముకుంద్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, పౌడరు వాసన, నున్నగా గీసిన గడ్డం, ముఖం మీద గీటు కూడా లేదు. మాట మాత్రం తేనె. "పిల్ల పాపం బెదిరిపోయింది మేడమ్. ఇగ కేసు అయిపాయె గద. మధ్యాహ్నం నా జీపుల వాళ్ల ఊర్ల దింపి వస్త."

"దింపుదువు గాని, ముందు ఆ పిల్లను నాకు చూపించు" అన్నాను.

భోజనాల హాల్లో ముత్యమ్మను కూర్చోబెట్టారు. బక్క పిల్ల, రెండు జడలు, కళ్లు మాత్రం మనిషిని అంగుళం అంగుళం కొలుస్తాయి. ఎదురు గోడ మీద అరుణాదేవి ఫొటో ఉంది. జరిగింది మళ్లీ చెప్పమని ముకుంద్ పెదవులు సాగదీస్తూ అడిగాడు. ముత్యమ్మ ఒక్క క్షణం ఆయన వైపు, ఒక్క క్షణం నా వైపు చూసి లేచి నిలబడింది.

ఆ తర్వాత నేను చూసింది ఎట్లా చెప్పను? ఆ పిల్ల గాలిలో మెట్లు కట్టింది. అరచేతితో ఒక్కో మెట్టూ పేర్చుకుంటూ పైదాకా పోయింది. నుదుట వేలితో పెద్ద చుక్క పెట్టి, ఆ మనిషిని పైమెట్టు మీద నిలబెట్టింది. ఒక గుడ్డను రెండు చేతులా ఎత్తి పట్టినట్టు చూపించి, దానికి వేలితో చిల్లులు పొడిచింది. తర్వాత రెండు వేళ్లు కుడి చెంప మీద ఆనించి రెండుసార్లు అదిమింది. గుడ్డ లాక్కోవడం, పెనుగులాట, ఒక తోపు. ఆ పిల్ల భుజం వెనక్కి విరిగినప్పుడు నా భుజం కలుక్కుమంది. చూపుడు వేలూ మధ్య వేలూ రెండు కాళ్లై గాలిలోని మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి వచ్చి, అరచేతిలో కదలకుండా పడ్డాయి. ఒక్క చప్పుడు లేదు. 

ముకుంద్ గొంతు సవరించుకున్నాడు. "పెద్ద మేడమ్ పైన నిలబడ్డదట. చెంప మీద మచ్చ ఉన్నోడు వచ్చి తోసిండట."

"అంతేనా?"

"అంతే మేడమ్."

"ఆ పిల్ల ఇంతసేపు చెప్తే నువ్వు ఒక్క ముక్కల తేల్చినవ్. గుడ్డకు చిల్లులు పొడిచింది, అదేంది?"

"ఏమో మేడమ్. వీళ్లది చేతులాట. దానికి ఒక లెక్క, పత్రం ఉండదు. అందుకే నేను మాన్పించి మాట నేర్పుత అంటున్న."

"నుదుట చుక్క ఎవరు?"

"అరుణాదేవి మేడమ్. పిల్లలు ఆమెను గట్లనే అంటరు."

నేను గోడ మీద ఫొటో వైపు చూశాను. అరుణాదేవి నుదురు బోసిగా ఉంది. భర్త పోయాక ఆవిడ బొట్టు తీసేసిందని నర్సింహమ్మ నాతో అన్నది కూడా. బొట్టే లేని మనిషికి బొట్టు గుర్తేమిటి? ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

"ఇంకొకటి సాబ్" అని రాజేశ్వర్ వైపు తిరిగాను. "పిల్ల చూపించింది కుడి చెంప. పోచయ్య మచ్చ ఎడమ దిక్కు."

"ఎదురుంగ నిలబడి సూసినప్పుడు కుడి ఎడమ తారుమారైతది గదక్కా. అద్దంల సూసుకోవా నువ్వు?" అని రాజేశ్వర్ చేతులు దులుపుకున్నాడు. "తోసింది పోచయ్య. కారణం గూడ ఉన్నది. బియ్యంల పురుగులొచ్చినయని మేడమ్ తోని పొద్దుగాల లొల్లి పెట్టుకున్నడు."

"పురుగులున్నయని లొల్లి పెట్టినోడు మంచోడా చెడ్డోడా, జెర నువ్వే ఆలోచించుకో."

ముత్యమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని మా పెదవులు చూస్తోంది. వేళ్ల చివర్లు చూశాను. తోలు ఊడి, ఎర్రగా కాలిన గుర్తులు. అడిగితే ముకుంద్ వెంటనే "వంటింట్ల కాలింది మేడమ్" అన్నాడు. నేను ఆ పిల్ల చేతులే చూస్తున్నాను. వేళ్లు కాలితే మనకు పని ఆగుతుంది, ఈ పిల్లకు మాట ఆగుతుంది.

తన జీపులో డీజిల్ పోయించాలని ముకుంద్ బయటికి వెళ్లాడు. నేనూ రాజేశ్వరూ మెట్ల దగ్గరికి నడిచాం. ఆవరణలోనే ఆరుబయట ఇనుప మెట్లు. పైన ఒక్కటే గది, దానికి తాళం. పైమెట్టు మీద నిలబడి చూస్తే హాస్టల్ కిటికీ ఎదురుగా కనిపిస్తోంది. అడ్డం ఏమీ లేదు. ముత్యమ్మ చూడగలదు, అందులో తిరుగులేదు.

"ఈ గది తెరిచి చూసినవా సాబ్?"

"పాత సామాను గది. తాళం చెవి మేడమ్ దగ్గరనే ఉండె, పోయిందని ముకుంద్ సార్ అన్నడు. ఇగ దాన్ల ఏముంటది?"

"సాయంత్రం పూట హెడ్మిస్ట్రెస్ పాత సామాను గది ముందట ఏం చేస్తున్నదని నీకు అనుమానం రాలేదా?"

"అక్కా, నువ్వు పోలీసోనివా నేను పోలీసోన్నా?" రాజేశ్వర్ ముఖం ఎర్రబడింది. "సాక్షి ఉన్నది, మచ్చ ఉన్నది, మనిషి దొరికిండు. ఈ మూగపోరి చెప్పిందే ఎక్కువ. కోర్టుల ఇది నిలబడ్తదో లేదో అని నేనే పరేషాన్‌ల ఉంటే, నువ్వొచ్చి ఇంక గెలుకుతున్నవ్. రేపు ఆ పిల్ల చెప్పింది తప్పని తేలితే ఇగ జన్మల ఎవడన్న వీళ్ల మాట నమ్ముతడా?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండింది. ఆయన బెల్టు లాక్కుంటూ దిగిపోయాడు.

నేను తాళాన్ని లాగి చూస్తుంటే ఎవరో నా భుజం మీద తట్టారు. ముప్పై ఏళ్ల మనిషి, నలిగిన నేతచీర, నిద్ర లేని కళ్లు. తన చెవి చూపించి, వినపడదన్నట్టు చెయ్యి ఊపింది. కుట్టుపని నేర్పే టీచరు వీరలక్ష్మి అని తర్వాత తెలిసింది. ఆమె కూడా ఈ బడిలోనే చదివింది. అరుణాదేవి పక్కనే ఆసుపత్రిలో ఇన్నాళ్లూ ఉండి అప్పుడే తిరిగొచ్చింది. నడుముకు మేడమ్ తాళాల గుత్తి. పోయిందన్న తాళం చెవి ఆ గుత్తిలోనే ఉంది!

గది తెరవగానే ఘాటైన వాసన ముక్కులు బద్దలు కొట్టింది. మూలన ఒక గోనెసంచి. విప్పితే పిల్లల చొక్కాలు, లంగాలు, అన్నిటికీ చిల్లులు. ఎలుక కొరికిన చిల్లులు కావు, అంచులు పసుపెక్కి పొడిపొడి అవుతున్నాయి. యాసిడ్. పెద్దవాళ్ల రబ్బరు తొడుగులు రెండు జతలు, వేళ్లు ఊడిపోయినవి. గుడ్డ ఎత్తి పట్టి చిల్లులు పొడిచిన ముత్యమ్మ చేతులు నా కళ్ల ముందు కదిలాయి. ఎవరో పిల్లలను గోడ అవతలి కెమికల్ కంపెనీకి తీసుకుపోయి యాసిడ్ డ్రమ్ములు కడిగిస్తున్నారు. ఎవరికీ చెప్పుకోలేరనే కదా ఈ పిల్లలను ఏరుకున్నారు! అరుణాదేవి అది కనిపెట్టి, ఆ చొక్కా ఎవరి ముఖాన్నో ఆడించి అడిగింది. అందుకు పడింది ఆ తోపు. ముకుంద్ ఆ ముక్క మొత్తం మింగేశాడు. ఎందుకు?

గదిలో విరిగిన నల్లబల్ల ఉంది. వీరలక్ష్మి సుద్దముక్క తీసింది. ఆమె రాత గుండ్రంగా ఉంది, మాటలు మాత్రం ఆమె వరసలో వచ్చాయి. "గొడుగు మీరు. వచ్చారు మంచిది."

నేను సిగ్గుపడి, గొడుగు పారేశానని చేత్తో చూపించాను. ఆమె నవ్వి కిటికీలోంచి కిందికి చూపించింది. వరండాలో ఇద్దరు పిల్లలు నా వైపు చూస్తూ పిడికిలి మీద పిడికిలి పెట్టి, పైచేతి వేళ్లు టక్కున పైకి విప్పారు. ఇంకా నా గొడుగునే ఎక్కిరిస్తున్నారా!

"ఎక్కిరింపు కాదు" అని రాసింది వీరలక్ష్మి. "పేరు. మీరు పేరు అది."

"రేపు గొడుగు లేకుండ వస్తే?" అని రాశాను.

"పేరు పేరే. మొదటి రోజు ఏం చూస్తాం, అది పేరు. మారదు."

 మొదటి రోజు చూసింది పేరు. బొట్టు పోయినా అరుణాదేవి పేరు బొట్టే. ఎన్నో ఏళ్ల కిందట ఆవిడ నిండుగా బొట్టు పెట్టుకుని ఈ గేటు దాటి ఉంటుంది. భర్త పోయినా, ముఖం బోసిపోయినా, పిల్లల చేతుల్లో ఆవిడ బొట్టు చెరగలేదు. ఆవిడ కూడా చెరిపించలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అయితే చెంప మీద రెండు వేళ్లు?

"మచ్చ ఎట్ల చెప్తరు?" అని రాశాను. వీరలక్ష్మి ముఖం వంకర పెట్టి, చెంప మీద గోటితో పొడుగ్గా గీత గీసింది. నేను రెండు వేళ్లు కుడి చెంప మీద ఆనించి రెండుసార్లు అదిమి, ఇది మచ్చా అని అడిగాను. ఆమె చిత్రంగా చూసింది. పోలీసులు ముత్యమ్మ మాటను 'మచ్చ' అని రాసుకున్నారని ఈ బడిలో ఎవరికీ తెలియదు! చెప్పాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

"మచ్చ కాదు. మనిషి" అని రాసింది. "ముత్యం చెప్పింది ఆ మనిషి. అందరికీ తెలుసు. పోచయ్య ఎందుకు పట్టారు, మాకు తెలియదు. వినేవాళ్లు వినేవాళ్లను కాపాడతారు, అనుకున్నాం."

"ఎవరు ఆ మనిషి?"

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టింది. అంతలోనే ఆమె పాదాలు బిగుసుకున్నాయి. చీర కొంగుతో బల్ల మొత్తం చరచరా తుడిచేసింది. జనరేటర్ మోతలో నాకేమీ వినపడలేదు. ఆమెకు మాత్రం ఇనుప మెట్ల అదురు అరికాళ్లకు తెలిసింది. ఇంకో రెండు క్షణాలకు గుమ్మంలో ముకుంద్ నిలబడ్డాడు. చెవులున్న దాన్ని నేను, ముందు విన్నది ఆమె!

"తాళం ఎట్ల దొరికింది మేడమ్?" గొంతులో తేనె తగ్గింది. కళ్లు తిన్నగా గోనెసంచి మీదికి పోయాయి.

"దొరికింది" అన్నాను.

"సరే మేడమ్. నేను పిల్లను దింపి వస్త. చీకటిపడక ముందే రావాలె."

"ముత్యమ్మ ఎక్కడికీ పోదు" అన్నాను.  ఆ జీపు గేటు దాటితే ఆ పిల్ల మళ్లీ కనిపించదని నా ప్రాణం చెప్పింది.

కిందికి దిగి రాజేశ్వర్ ముందు నిలబడ్డాను. "సాబ్, జెరసేపు. పిల్లలందర్నీ హాల్ల కూర్చోబెట్టు. పోచయ్యను గూడ తీస్కరా. నేను చెప్పింది తప్పైతే నా బోర్డు పీకి పొయ్యిల పెడ్త, ఇగ నీ కేసుల జోలికి రాను."

ఆ చివరి మాటకు ఆయన కళ్లు మెరిశాయి. "మాట మీద ఉంటవా?"

"ఉంట."

హాలు నిండింది. నలభై మంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. పోచయ్యను గుమ్మం దగ్గర నిలబెట్టారు. మొగులయ్యను వంటింటి తలుపు దగ్గర ఉండమన్నాను. మాటలు మార్చి చెప్పడానికని ముకుంద్‌ను నా పక్కనే నిలబెట్టుకున్నాను. ఆయన వద్దనలేదు. భయపడాల్సింది గోనెసంచికే అనుకుంటున్నాడు పాపం, పేరుకు కాదు.

నేను రెండు వేళ్లు కుడి చెంప మీద ఆనించి రెండుసార్లు అదిమాను. తర్వాత రెండు అరచేతులూ విప్పి అడిగాను: ఎక్కడ?

 వినే మనిషి ఒకతి తమ మధ్య నిలబడి తాము పెట్టిన పేరు పలకడం పిల్లలు ఊహించలేదు. తర్వాత నలభై తలలు ఒక్కసారే తిరిగాయి. అరచేయంత మచ్చతో పోచయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఒక్క పిల్ల కూడా ఆయన వైపు చూడలేదు.

అందరూ చూసింది ముకుంద్ వైపు.

ముకుంద్ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరున్నారా అని. గోడ తప్ప ఎవరూ లేరు.

"గిదేంది?" అన్నాడు రాజేశ్వర్. "గాయన మొకం మీద మచ్చేది?"

"మచ్చ కాదు సాబ్, పేరు. నల్లయ్య తోసిండని నేను చెప్తే, ఊర్ల నల్లగున్నోన్ని పట్కపోతవా? ఎర్రయ్య అంటే ఎర్రగున్నోన్ని లోపలేస్తవా? నువ్వు చేసింది అదే!" అని పిల్లల వైపు తిరిగి నన్ను నేను చూపించుకున్నాను. నలభై పిడికిళ్లు, నలభై గొడుగులు టక్కున విచ్చుకున్నాయి. పోచయ్యను చూపించాను. నలభై చేతులు గరిట తిప్పాయి. పోచయ్య బావురుమన్నాడు.

రాజేశ్వర్ పిల్లల వైపు తిరిగాడు. తర్వాత చిన్నగా, "నాకు గూడ ఉన్నదా?" అన్నాడు. ముందు వరసలో ఒక బుడ్డిది లేచి, బొజ్జ ముందుకు పెట్టి, బెల్టు పైకి లాక్కుంది. ఆయన చేతులు అప్పటికే బెల్టు మీద ఉన్నాయి. గబుక్కున తీసేశాడు.

"ఇదంత పిల్లలాట సాబ్!" అన్నాడు ముకుంద్. గొంతు పీలగా వచ్చింది. "నా మొకం మీద ఏమున్నది? సూడుండ్రి! ఎన్నడో రెండేండ్ల కింద, నేను బడిల చేరిన దినం, గడ్డం గీసుకుంటుంటే తెగింది. గింత పట్టీ అంటించుకుని వచ్చిన. గది ఎప్పుడో మానిపాయె..."

చెబుతూ చెబుతూ ఆ చోటు చూపించాడు. రెండు వేళ్లు, కుడి చెంప. తన పేరు తనే పలికాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఈ రెండేళ్లలో ఆ పేరును వాడు వందలసార్లు చూసి ఉంటాడు. వీళ్లు ఏం అనుకుంటున్నారో అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు.

వాడు వంటింటి వైపు ఒక్క దూకు దూకాడు. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా నేలను కాళ్లతో కొట్టారు. ఒకరినొకరు పిలుచుకోవడానికి వాళ్లు చేసే పనే అది. నేల అదిరింది, అన్నం పళ్లేలు గోడ మీద గలగలలాడాయి. ఆ చప్పుడుకు వంటింటి తలుపు దగ్గర కునుకు తీస్తున్న మొగులయ్య ఉలిక్కిపడి లేచాడు. ముకుంద్ వెళ్లి సరిగ్గా వాడి చేతుల్లో పడ్డాడు.

పోచయ్య బేడీలు విప్పారు. మణికట్లు రుద్దుకోకుండానే ఆ మనిషి పిల్లల వైపు తిరిగి వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోయాడు. తిన్నరా? ఇన్ని రోజులుగా లోపల బిగబట్టుకున్న మాట అదొక్కటే కాబోలు. పిల్లలు వెళ్లి మీద పడ్డారు.

రాజేశ్వర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని ముత్యమ్మ ముందు చాప మీద కూర్చున్నాడు. గోనెసంచి ఆయన పక్కనే ఉంది. గోడ అవతల కంపెనీ ఎవరిదో, ఎంతమంది పిల్లలతో పని చేయించారో ఇంకా తేలాలి. ఆయన అడిగింది మాత్రం అది కాదు.

"బిడ్డా, మాకు చెప్పిన దినం గా ముకుంద్‌గాడు నీ పక్కనే ఉండె గద. వేలు పెట్టి సూపియ్యక పోయినవా? గంతటితోని అయిపోతుండె గద!"

వీరలక్ష్మి ఆయన పెదవులు చూసి, చేతులతో ముత్యమ్మకు చెప్పింది. ముత్యమ్మ ఆయన వైపు తిరిగి, తొందర లేకుండా జవాబు ఇచ్చింది. హాల్లో ఉన్న చిన్న నల్లబల్ల మీద వీరలక్ష్మి ఒక్కో మాటా రాస్తూ పోయింది. రాజేశ్వర్ వాటిని తన వరసలో పేర్చుకుంటూ పైకి చదివాడు.

"వేలు చూపిస్తే సార్‌కు తెలుస్తది. మార్చి చెప్తడు. రాత్రి నన్ను కూడ మెట్ల మీద నుంచి తోస్తడు."

సుద్దముక్క ఆగి, మళ్లీ కదిలింది.

"పేరు చెప్తే తనదని సార్‌కు తెలియదు. అందుకే పేరు చెప్పిన. సార్ నోటితోనే సార్ పేరు బయటికి పంపిన."

రాజేశ్వర్ అక్కడ చదవడం ఆపేశాడు. మిగతాది నేనే చదువుకున్నాను.

"బయట ఎవరూ అందుకోలేదు."